మోచెయ్యి లోతు నలుపు

జిలింగ్ నగరం,
అయిదో నెల, పదో తేదీ.

యుమ్‌త్సో అక్కకు,

నువ్వూ, బావా, మందా అందరూ క్షేమమని తలుస్తాను. ఈ ఉత్తరం ఉన్ని కొనే మా యూసుఫ్ చేతికిస్తున్నాను. ఆయన లారీ మీ లోయకు చేరేసరికి దీనికి గొర్రె వాసన పట్టుకుంటుంది, అందుకు నన్ను తిట్టకు. ఫోను చేద్దామంటే నువ్వు గుట్ట ఎక్కాలి. ఎక్కాక నీకు ఊపిరాడదు, నాకు మాట వినపడదు. కాగితమే నయం.

అసలు సంగతి. ఏడో నెలలో మేం నలుగురం సెర్‌లుంగ్ వస్తున్నాం. నాలుగేళ్ళ కిందట దున్ని గడ్డి విత్తనం చల్లిన పన్నెండు బీళ్ళలోనూ మట్టి తీయాలి. ఇనప గొట్టాన్ని సుత్తితో నేలలోకి దింపి, బెత్తెడు బెత్తెడు చొప్పున మట్టి పైకి లాగి, ఇక్కడికి తెచ్చి ఆరబెట్టి కాలుస్తాం. అప్పుడు అందులో కర్బనం ఎంత ఉందో తేలుతుంది. బోడిపడ్డ కొండబీడు మీద మళ్ళీ గడ్డి మొలిపిస్తే, గాలిలోని కర్బనం గడ్డిలోకి, గడ్డి వేళ్ళలోంచి నేలలోకి దిగి అక్కడే నిలిచిపోతుందని మా ఆఫీసు పెద్దాయన నమ్మకం. నా నమ్మకమూ అదే. ఈ నాలుగేళ్ళూ దాని మీదే అన్నం తింటున్నాను.

నీ బీడు ఫొటో ఇప్పటికీ మా ఆఫీసు గోడ మీద ఉంది. రెండో ఏడు తీసింది. నడుము దాకా గడ్డిలో నిలబడి, ఎండకు కళ్ళు చిట్లించి, ఫొటో తీసేవాడిని ఇప్పుడో ఇంకాసేపట్లోనో తిట్టబోతున్నట్టు ఉంటావు. ఎవరొచ్చినా పెద్దాయన ముందు అదే చూపిస్తాడు. "మా రబ్‌గే వాళ్ళ అక్క" అంటాడు. ఆ మాట వినిపించినప్పుడల్లా పని ఉన్నా లేకపోయినా నేను ఆ గోడ పక్కనుంచి ఒకసారి నడుస్తాను.

ఫలితాలు బాగుంటే వచ్చే వసంతంలో కొండ మీది పైపచ్చికను కూడా దున్ని విత్తుతారట. అది అక్కడక్కడా పలచబడిందని ఇక్కడివాళ్ళ లెక్క. మీ లోయ పదిహేను కుటుంబాల ఎండాకాలపు మేత అంతా కొత్త గడ్డి అవుతుంది. ఆ నివేదిక రాసేది నేనే. నాన్న ఉంటే నమ్మేవాడు కాదు.

మేం వచ్చేదాకా నీ బీడులో మందను వదలకు. ఎండు చుర జున్ను ఒక సంచి దాచిపెట్టు. నగరంలో అమ్మే చుర నములుతుంటే సబ్బు ముక్క నమిలినట్టుంది.

నీ తమ్ముడు
రబ్‌గే


సెర్‌లుంగ్, ఎండాకాలపు గుడారం,
అయిదో నెల, ఇరవై ఎనిమిది.

తమ్ముడు రబ్‌గేకు,

ఉత్తరం అందింది. యూసుఫ్ దాన్ని ఇటుకలా అచ్చు వేసిన టీ ఆకుతో కలిపి కట్టి ఇచ్చాడు. "మీ తమ్ముడు పెద్దోడైపోయాడమ్మా, కవరు మీద ఆఫీసు ముద్ర కూడా ఉంది" అన్నాడు. "ముద్రుంటే ఏం, దస్తూరి ఇంకా కోడి గెలికినట్టే ఉందిగా" అన్నాను. వాడికి చదువు రాదు, అయినా తల పంకించాడు.

మందను వదలకు అంటున్నావు. వదిలినా అవి అటు పోవడం లేదు. నీ గడ్డి కాడ గట్టిది. ముసలి జడలబర్రెలు మూతి పెట్టి, వాసన చూసి, అత్తగారు వండిన కూర చూసిన కోడలిలాగా పక్కకు తిరుగుతున్నాయి. ఫొటోలో ఉన్న గడ్డి ఇప్పుడు లేదు. మూడో ఏడు మోకాలి దాకా వచ్చింది. ఈ ఏడు చీలమండ దాటలేదు. మధ్యమధ్య పసుపు పూల కలుపు మొక్క. అబ్రలు వచ్చాయి, పచ్చిక ఒత్తుగా ఉన్నచోట ఆ తోకలేని ఎలుకలు ఉండవు కదా, ఇప్పుడు అడుగుకో కన్నం. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్నట్టుంది. ఇది ఫిర్యాదు కాదు. ఉన్నది చెప్పాను.

మట్టి కావాలంటే లోత్సే బాబాయి బీడులో తీసుకోండి. అక్కడ గడ్డి పొట్టిగానే మొలిచినా ఏటా కొంచెం కొంచెం ఒత్తుగా అవుతోంది. ఆయన రోజూ వెళ్ళి దాన్ని మనవరాలిని చూసుకున్నట్టు చూసుకుంటున్నాడు. పదకొండు బీళ్ళ మట్టి తీసి, నా ఒక్కదానిది వదిలేస్తే కొంపలేం మునగవు.

మీ బావ బాగానే ఉన్నాడు. మాట తగ్గించాడు.

చుర ఉంటుంది. నమలడానికి నీకు పళ్ళు ఉన్నాయో లేదో చూసుకో.

అక్క
యుమ్‌త్సో


జిలింగ్,
తొమ్మిదో నెల, రెండో తేదీ.

అక్కా,

వచ్చి వెళ్ళి నెల దాటింది. ఇంత ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోకు. మట్టి ఆరాలి, జల్లించాలి, తూచాలి, కాల్చాలి. చేతులకు గోళ్ళ లోపలంతా మన లోయే ఉంది.

నువ్వు ఆ రెండు రోజులూ మాతో సరిగ్గా మాట్లాడలేదు. టీ పోశావు, వెన్న వేశావు, సత్తుపిండి కలిపి పెట్టావు, వెళ్ళి పిడకలు తట్టుకుంటూ కూర్చున్నావు. నీ బీడులో గొట్టం దింపుతుంటే చూడటానికైనా రాలేదు. మావాళ్ళలో ఒకడు "మీ అక్కకు మేమంటే కోపమా?" అని అడిగాడు. "మా అక్కకు పనిలేని మనుషులంటే కోపం" అని నవ్వించాను. నిజానికి నాకూ తెలియలేదు. బావయితే నన్ను చూసి తలూపి గుర్రం ఎక్కి వెళ్ళిపోయాడు. పైగా మీ మందలో సగం కనపడలేదు. అడిగితే "వాళ్ళన్నయ్య దగ్గర మేపుకు పెట్టాం" అన్నావు. చలికాలానికి ఇంటి ముందు బీడు ఉండగా మందను రెండు రోజుల దూరం ఎందుకు పంపారు?

లోత్సే బాబాయికి చెప్పు, ఆయన బీడు లెక్క వచ్చింది. బోడిగా ఉన్నప్పుడు ఆ నేలలో ఏమీ లేదు, గాలికి మట్టి కూడా లేచిపోయేది. ఇప్పుడు పై బెత్తెడులో కర్బనం పెరిగింది. ఎక్కువేం కాదు, అయినా పెరిగింది. మిగతా బోడిబీళ్ళలోనూ అంతే. మా పెద్దాయన చాలా రోజుల తర్వాత నవ్వాడు.

నీ బీడు లెక్క మాత్రం అడ్డం తిరిగింది. మూలనున్న కంచె కింద ట్రాక్టరు తిరగలేక వదిలేసిన పట్టీ ఒకటి ఉంది, గుర్తుందా? పోల్చి చూడటానికి అక్కడ కూడా గొట్టం దింపాను. ఆ పట్టీతో పోలిస్తే నీ బీడులో కర్బనం మూడో వంతు తక్కువ. దున్ని విత్తిన బీడులో పెరగాలి గానీ తరగడమేమిటి? సీసాలు తారుమారయ్యాయేమో అనుకున్నాను. మళ్ళీ చేశాను, అదే వచ్చింది. మూడోసారి చేస్తున్నాను.

ఒక్క మాట చెప్పు. దున్నక ముందు ఆ బీడు ఎలా ఉండేది?

రబ్‌గే


సెర్‌లుంగ్, చలికాలపు విడిది,
పదో నెల, పదకొండు.

రబ్‌గేకు,

మంచు ముందే పడింది. మొన్న ఒక దూడ పోయింది. తల్లి ఇంకా దాని చర్మాన్ని నాకుతోంది. చర్మంలో గడ్డి కూరి ముందు పెడితేనే పాలు చేపుతోంది. పనులు సాగుతున్నాయి.

ఆ బీడు ఎలా ఉండేదో నాకు గుర్తు లేదు. బీడు బీడులాగే ఉండేది. నాలుగేళ్ళ కిందటి మాట ఇప్పుడెందుకు?

లోత్సే బాబాయికి నీ కబురు చెప్పాను. ఎగిరి గంతేయడం ఒక్కటే తక్కువ. ఇప్పుడు పదిహేను గుడారాల్లోనూ ఒకటే మాట: మూడో నెలలో ట్రాక్టర్లు వస్తాయి, పైపచ్చికంతా దున్నుతారు, రబ్‌గే ఉన్నాడు కదా, మన పిల్లవాడు మనకు చెడు చేస్తాడా? నిన్న ఒకావిడ నా చేతిలో వెన్న ముద్ద పెట్టి "మీ తమ్ముడికి పంపు" అంది. తీసుకోలేదు. అహంకారం అనుకుని ఉంటుంది.

పైపచ్చిక ఎలా ఉంటుందో నీకు తెలియనిదా. పలచబడిందని ఎవరన్నారో గానీ, నూటికి పది పాళ్ళు పలచబడి ఉంటుంది. మిగతాదంతా కాలు వేస్తే దిగి, తీస్తే పైకి లేచే పంగ్ పచ్చిక. చిన్నప్పుడు మనం దొర్లింది దాని మీదే. ఆ అల్లుకున్న వేళ్ళ మీద గడ్డపార వేస్తే గడ్డపార వెనక్కి తుళ్ళేది.

మీ ఆఫీసువాళ్ళు దాన్ని ఒకసారి వచ్చి చూస్తే బాగుంటుంది.

యుమ్‌త్సో


జిలింగ్,
పన్నెండో నెల, ఆరు.

అక్కా,

ఇది యూసుఫ్ ముందు చదవకు. ఒంటరిగా చదువు.

బీరువాలోంచి పాత కాగితాలు తీశాను. నీ బీడుకు సంబంధించిన ఫారం నా చేతి రాతే. "నేల తరగతి" అన్నచోట "నల్లనేల" అని రాసి ఉంది. మా ఆఫీసు మాటలో నల్లనేల అంటే పచ్చిక పొర పూర్తిగా ఊడిపోయి, కింది మట్టి బయటపడి నల్లగా కనిపించే చచ్చిన నేల. దాన్ని దున్ని విత్తనం వేయవచ్చు, పోయేదేమీ లేదు గనక. ఆ తరగతి రాస్తేనే ట్రాక్టరు కదులుతుంది.

రాసిన రోజు గుర్తొచ్చింది. రెండో నెల. లోయంతా మంచు. నాకు ఉద్యోగం వచ్చి మూడు నెలలు, వారంలో నలభై కుటుంబాలు తిరగాలి. పొద్దున్నే మోటారు సైకిలు ఎక్కబోతూ అడిగాను.

"అక్కా, మీకు నల్లనేల ఎంతుంది?"

"ఎంతేమిట్రా, ఇంటి ముందు బీడంతా నల్లనేలే" అన్నావు. నన్ను తీసుకెళ్ళి, మంచు గీకి, గడ్డపారతో పొడిచి ఒక మట్టి పెళ్ళ నా చేతిలో పెట్టావు. "చూడు, మోచెయ్యి లోతు వరకూ ఇదే నలుపు" అన్నావు. నేను నవ్వి రాసుకున్నాను. మంచు కింద ఏముందో కాలితో తన్నయినా చూడలేదు.

మన ఇంట్లో నల్లనేల అంటే ఏమిటో నాకు తెలియదా? నాన్న గుర్రం మీదనుంచి చూపించి "అది నల్లనేలరా, అక్కడ ఈనిన బర్రె ఎండిపోదు" అనేవాడు. మనకు నలుపంటే బలం. కొన్ని వందల ఏళ్ళుగా గడ్డి వేళ్ళు చచ్చి, చలికి కుళ్ళకుండా, పొర మీద పొర పడితే వచ్చిన నలుపు. అక్కా, మేం గొట్టాలతో వెతుకుతున్న కర్బనం అంటే ఆ నలుపే. నేను చేసిందల్లా దాన్ని తిరగేసి గాలికి పెట్టడం. గాలి తగిలితే కుళ్ళుతుంది, కుళ్ళి ఆవిరై పోతుంది. మొదటి రెండేళ్ళూ నడుమెత్తు గడ్డి లేచింది ఆ బలం తినే. ఫొటోలో మనం చూసి మురిసింది అదన్నమాట. తిండి అయిపోయాక గడ్డి పోయింది.

నేను ఒక భాషలో అడిగాను, నువ్వు ఇంకో భాషలో జవాబు చెప్పావు. రెండూ వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే, నేనే వినలేదు.

ఇప్పుడు అసలు చిక్కు. పెద్దాయనకు అంకెలు చూపించాను, ఫారం సంగతి చెప్పలేదు. ఆయన ఒక నిమిషం చూసి, "పన్నెండులో ఒకటి తేడా కొడితే అది కొలతలో తప్పు. తీసెయ్. పదకొండు చాలు" అన్నాడు. పదకొండూ నిజంగా బోడిబీళ్ళే, అంకెలు బంగారంలా ఉన్నాయి. తీసేస్తే నివేదిక మెరిసిపోతుంది, నా ఉద్యోగం ఖాయమవుతుంది. మూడో నెలలో పైపచ్చిక మీదికి ట్రాక్టర్లు ఎక్కుతాయి. నీ బీడు లెక్కను ఉంచితే, అదెందుకు అలా ఉందో నేను చెప్పాలి.

చెప్పాలనే ఉంది. ధైర్యం చాలడం లేదు. ఇలా రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా నీ దగ్గర కాకపోతే ఎవరి దగ్గర ఒప్పుకోను? ఆ రోజు నేనడిగింది నీకు ఎలా వినిపించింది? నాన్న చెప్పిన నల్లనేల అనే కదా?

రబ్‌గే


సెర్‌లుంగ్,
పన్నెండో నెల, ఇరవై మూడు.

రబ్‌గే,

నువ్వు రాసిందే నిజమనుకో.

యూసుఫ్ బయట లారీ ఇంజను ఆపకుండా నిలబడ్డాడు, ఆపితే ఈ చలికి మళ్ళీ కదలదట. అందుకని గబగబా రాస్తున్నాను. ఏడుస్తూ కూర్చునే తీరిక నాకు లేదు, నీకూ ఉండకూడదు.

ట్రాక్టరు వచ్చిన రోజు చెబుతాను, ఇన్నాళ్ళూ చెప్పలేదు. మీ బావ ఇంట్లో లేడు. నేను జునిపెర్ ఆకు పొగ వేసి, నేల తల్లికి దణ్ణం పెట్టి పక్కన కూర్చున్నాను. నాగలి దిగినప్పుడు వచ్చిన చప్పుడు మట్టి చప్పుడు కాదు. కొత్త ఉన్ని గుడ్డను రెండు చేతులతో చింపితే వస్తుందే, అదీ. సాయంత్రం దాకా చింపుతూనే ఉంది. మీ బావ వచ్చి చూసి "ఎవరు చెప్పారు దీన్ని దున్నమని?" అని ఒక్కటే అడిగాడు. "తమ్ముడు అడిగాడు" అన్నాను. అప్పటినుంచీ మనిషి తక్కువ మాట్లాడుతున్నాడు. ఈ చలికాలం మిగిలిన మంద కూడా వాళ్ళన్న దగ్గరికే పోతోంది. వసంతం వచ్చాక మేమూ వెనకే పోతాం.

నా నేల పోయింది. అది నా ఇంటి సంగతి. పైపచ్చిక పదిహేను ఇళ్ళది. లోత్సే బాబాయికి నలుగురు మనవలు. నాకు వెన్న ముద్ద ఇవ్వబోయిన ఆవిడకు ఎనిమిది బర్రెలు, అంతకు మించి ఏమీ లేవు. వాళ్ళంతా నీ పేరు చెప్పుకుని నిద్రపోతున్నారు.

పన్నెండు లెక్కలూ రాయి. ఒక్కటి తీసేశావంటే మన గుమ్మం తొక్కకు.

యుమ్‌త్సో


జిలింగ్,
రెండో నెల, పద్నాలుగు.

అక్కా,

రాశాను. పన్నెండూ రాశాను.

పన్నెండోది ఎందుకు తరిగిందో కూడా రాశాను: అది చచ్చిన నేల కాదు, బతికున్న పచ్చిక, తరగతి తప్పు రాసింది నేను, స్థానికుల మాటను నేనే అపార్థం చేసుకున్నాను అని. సమావేశంలో లేచి నిలబడి చదివాను. ముప్ఫై మంది ఉన్నారు. వెనకనుంచి ఒకాయన అడిగాడు.

"నువ్వు ఆ ఊరివాడివే కదూ?"

"అవునండీ."

"మరి నీ అక్క మాట నీకు అర్థం కాలేదా?"

అందరూ నవ్వారు. చెడ్డ నవ్వు కాదు, ఊరికే వచ్చే నవ్వే. పెద్దాయన మాత్రం నవ్వలేదు. బయటికొచ్చాక నా భుజం మీద చెయ్యి వేసి "ఇది నాకు ముందే చెప్పి ఉండాల్సింది" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. మర్నాడు నీ ఫొటో గోడ మీద లేదు. నన్ను కింది అంతస్తులో సీసాలు కడిగే గదికి మార్చారు. నివేదిక మీద నా పేరు తీసేశారు. ఇక కొండలకు పంపరట. కుర్రాళ్ళు నాకు పెట్టిన పేరు ఏమిటో తెలుసా? 'నల్లనేల'. పిలిస్తే పలుకుతున్నాను.

మంచి కబురు కూడా ఉంది, అది నీకు ముందు చెప్పాల్సింది. పైపచ్చికను దున్నరు. ఖాయం. కాగితం నా కళ్ళతో చూశాను. పలచబడ్డచోట కంచె వేసి రెండు వేసవులు మేపకుండా వదిలేస్తారు, అంతే. పూర్తిగా బోడిపడ్డ చోట్ల మాత్రమే విత్తనం వేస్తారు. అదీ మంచు లేనప్పుడు ఇద్దరు మనుషులు వెళ్ళి కాళ్ళతో తొక్కి చూశాకనే.

నీ బీడు సంగతి అడగవని తెలుసు. అయినా చెబుతాను. కంచె వేసి వదిలేస్తే గడ్డి మెల్లగా వస్తుంది, పదేళ్ళకో పదిహేనేళ్ళకో పచ్చగా కనిపిస్తుంది. ఆ పంగ్, ఆ లోపలి నలుపు మాత్రం మన పిల్లల పిల్లలు కూడా చూడరు. ఎన్నేళ్ళని లెక్క వేస్తూ కూర్చుని మధ్యలో కలం పక్కన పెట్టేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం నా చదువుకు మిగిలిన పని.

నన్ను క్షమించు అక్కా. సొంత మాట మర్చిపోయినవాడికి ఇంటి గుమ్మం తొక్కే అర్హత లేదంటే రాను. రమ్మంటే నడిచి అయినా వస్తాను.

రబ్‌గే


సెర్‌లుంగ్,
మూడో నెల, తొమ్మిది.

తమ్ముడూ,

గుడారం విప్పేశాం. మీ బావ తాళ్ళు చుడుతున్నాడు. నేను సామాన్ల మూట మీద కూర్చుని రాస్తున్నాను. ఎల్లుండి ఇక్కడ మేం ఉండం.

పైపచ్చికను దున్నరన్న కబురు పదిహేను ఇళ్ళకూ నేనే వెళ్ళి చెప్పాను. కొందరు సంతోషించారు, కొందరు నిన్ను తిట్టారు. కొత్త గడ్డి రాకుండా చేశాడని. పోనీలే, తిట్టనీ. ట్రాక్టర్లు మాత్రం రావు.

నీ ఉత్తరం ఇరవై రోజులుగా రొమ్ము దగ్గర దాచుకుని తిరుగుతున్నాను. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఊరుకున్నాను. ఇప్పుడు చించుకోక తప్పడం లేదు.

నల్లనేల అంటే మీ ఆఫీసు మాటలో ఏమిటో నాకు ఆ రోజుకే తెలుసు.

నీకంటే ముందు ఏడు ఇంకో ఆఫీసు మనిషి వచ్చాడు, దుబాసీని వెంటబెట్టుకుని. నల్లనేల చూపించమంటే నేను ఇదిగో అని ఇంటి ముందు బీడు చూపించాను. ఇద్దరూ నవ్వారు. "అది కాదమ్మా, చచ్చిన నేల, బోడిది" అన్నారు. అప్పుడు తీసుకెళ్ళి వాగు కింద మనకున్న బోడి ముక్క చూపించాను. విత్తనం చల్లి వెళ్ళారు. ఆ ఏడు వాన లేదు, ఒక్క పోచ మొలవలేదు. ఆ మనిషి మళ్ళీ కనపడలేదు.

తర్వాత నువ్వు వచ్చావు. మూడు నెలల ఉద్యోగం. కోటు భుజాలు నీవి కావు, ఎవరివో. పొయ్యి దగ్గర కూర్చుని నవ్వుతూనే అన్నావు: "ఇంతకు ముందున్నాయనకి గడ్డి మొలవలేదని ఇంటికి పంపేశారక్కా. నాదీ మొలవకపోతే నేనూ బర్రెలు కాచుకోవడమే." నువ్వు మర్చిపోయి ఉంటావు. నేను ఆ రాత్రి నిద్రపోలేదు.

తెల్లారి నువ్వు నల్లనేల అడిగితే నిన్ను వాగు కిందికి తీసుకెళ్ళలేదు. ఇంటి ముందుకి తీసుకెళ్ళాను. గడ్డపారతో లేపిన పెళ్ళ మీద పచ్చిక పొర ఉంది. నువ్వు చేతి తొడుగు తీసేలోపు దాన్ని విరిచి వెనక పడేసి, కింది మట్టి మాత్రమే నీ చేతిలో పెట్టాను. నువ్వు భాష మర్చిపోలేదు. నీ చెవుల్లో తప్పు లేదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు, నేను నిన్ను అలా చేశాను.

నువ్వు కారణం వెతికి, అదొక మాట తేడా అని రాసినప్పుడు నాకు ప్రాణం లేచి వచ్చింది. అదే నిజమనుకో అన్నాను. నా తప్పు నీ నోట కడిగించుకున్నాను. నువ్వు ముప్ఫై మంది ముందు నిలబడతావని అనుకోలేదు. అనుకుని ఉండాల్సింది. పన్నెండూ రాయమని గుమ్మం మీద ఒట్టు పెట్టినదాన్ని నేనే కదా.

లోత్సే బాబాయికి నీ మీద అంత ప్రేమ లేదు. నువ్వడిగితే ఉన్న బోడి ముక్కే ఇచ్చాడు. ఆయన నేల బాగుపడింది.

ఈ ఉత్తరం మీ పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళు. ఆయనకు మన అక్షరాలు రాకపోతే నువ్వే చదివి చెప్పు, ఒక్క మాట వదలకుండా. సిగ్గుపడకు, సిగ్గు నాది. నవ్వినవాళ్ళకు కూడా చదివి వినిపించు. మీ బావకు నిన్న చెప్పాను. "తమ్ముడికి రాయి" అన్నాడు.

నీ గడ్డి బాగా మొలవాలనే ఇచ్చాను రబ్‌గే. మొలిచింది కూడా, రెండేళ్ళు.

అక్క
యుమ్‌త్సో